ఖదాద్: యెమెన్ కొండసీమల గచ్చు

ఇస్లామీయ కట్టడాలను గురించి వ్రాసిన గ్రంథాలు ఏ భాషలోనివి తిరగేసినా గుమ్మటాలు, మినార్లు, కమానులు, లిపికళ మొదలైన వాటి వర్ణన పుష్కలంగా దొరుకుతుంది. ఏ సుల్తాను కట్టించాడు, ఏ సంవత్సరం పూర్తయింది, ఏ ద్వారంపై ఏ ఆయతు చెక్కారు అన్న వివరాలకు లోటుండదు. గాని ఆ గుమ్మటం మీద పడిన వాన ఎటు పోయింది, అయిదు వందల సంవత్సరాలుగా అది లోపలికి దిగకుండా ఆపినది ఏమిటి అన్న ప్రశ్నను చరిత్రకారులు సాధారణంగా వేయరు. కప్పు కురిస్తే లోపలి చిత్రకళ మిగలదు, గ్రంథాలయం మిగలదు, చివరకు గోడ కూడా మిగలదు. అందుచేత వానను ఆపిన పూత చరిత్ర, ఒక విధంగా, మిగిలిన చరిత్ర అంతటికీ పైకప్పు వంటిది. ఈ వ్యాసంలో యెమెన్ కొండసీమలకు చెందిన అటువంటి ఒక పూతను, దాని పుట్టుపూర్వోత్తరాలను, అది దాదాపు మరుగున పడి మళ్ళీ వెలికి వచ్చిన తీరును పరిశీలిద్దాం.

అరేబియా అనగానే మనకు ఇసుక ఎడారులు స్ఫురిస్తాయి. యెమెన్ ఎగువసీమ అందుకు పూర్తిగా భిన్నమైనది. సనా నగరం సముద్రమట్టానికి 2,200 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. దానికి ఆగ్నేయంగా ఉన్న రదా పట్టణం సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉన్నది. అరేబియా ద్వీపకల్పం మొత్తానికి ఎత్తైన శిఖరం జబల్ అన్నబీ షుఐబ్ 3,666 మీటర్లతో ఈ సీమలోనే నిలిచి ఉంది. ఇక్కడ ఏడాదికి రెండు వానకారులు. మొదటిది మార్చి నుండి మే వరకు, రెండవది జూలై నుండి సెప్టెంబరు వరకు. వాన మొత్తం మన కోస్తా జిల్లాలతో పోలిస్తే స్వల్పమే. అయితే కురిసినంతసేపు ఉరుములతో, వడగళ్ళతో కుండపోతగా కురిసి, కొండవాలులన్నీ ఒక్కసారిగా వాగులవుతాయి. పగటి ఎండకు, రాత్రి చలికి మధ్య ఇరవై డిగ్రీల తేడా సామాన్యం. శీతకాలపు రాత్రులలో మంచు గడ్డకట్టడం కూడా కద్దు. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. నెఱ్ఱెలో దాగిన నీటిబొట్టు రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, మళ్ళీ రాత్రి గడ్డకట్టితే అది మేకు దిగగొట్టినట్టే పనిచేస్తుంది. ఎండకు రాయి వ్యాకోచిస్తుంది, చలికి సంకోచిస్తుంది. ఆ రాతిమీది పూత రాతితోపాటు కదలకపోతే బీటలు వారుతుంది. అనగా ఇక్కడ పైకప్పుకు శత్రువు ఒకటి కాదు: వాన, ఎండ, మంచు మూడూ ఒకదానికొకటి సాయం చేసుకుంటాయి.

ఈ సీమలో సామాన్యుల ఇళ్ళకు దూలాలు పరిచి, వాటిమీద కొమ్మలు, రెల్లు వేసి, మట్టి దిమ్మిస చేసిన కప్పులుంటాయి. రాయలసీమ మట్టి మిద్దెలను ఎరిగిన పాఠకులకు దీనిని వేరే వర్ణించనక్కరలేదు. వానకారుకు ముందు చవుడు తెచ్చి మిద్దెపై పరిచే అలవాటు వారికి తెలిసినదే. అయితే మసీదు గుమ్మటానికి, స్నానశాలకు, ఊరి మంచినీటి తొట్టికి మట్టి చాలదు. వీటి కోసం యెమెన్ పనివారు వాడినది ఖదాద్.

ఈ మాట గురించి అనువాదకునిగా రెండు ముక్కలు చెప్పవలసి ఉంది. ఖదాద్ లో రెండు 'ద'లూ అరబ్బీలోని 'దాద్' అనే అక్షరం. ఉర్దూ అలవాటున చదివితే ఇదే 'ఖజాజ్' అవుతుంది. కొందరు 'ఖుదాద్' అని కూడా పలుకుతారు. దీనికి తెలుగులో ఏ మాట వాడాలి? 'సున్నపు పూత' అంటే వెల్ల వేయడం అనే భ్రమ కలుగుతుంది. 'గచ్చు' అంటేనే సరిపోతుందని నా అభిప్రాయం. ఎందుకంటే మన 'గచ్చు' కూడా పారశీక 'గచ్' నుండి ఉర్దూ ద్వారా తెలుగు మేస్త్రీల నోటికి వచ్చిన మాటే. అరబ్బీలో 'జస్స్' అన్నా, పారశీకంలో 'గచ్' అన్నా మూలం ఒక్కటే. మన ఇళ్ళలో ఎవరూ దానిని పరాయిమాటగా ఎంచరు. నేలమీద గచ్చు చేయించామని ప్రతి గృహిణీ అంటుంది. అయితే ఒక భేదం ఉంది. పారశీక 'గచ్' ముఖ్యంగా జిప్సంతో చేసేది, నీటికి కరిగేది. కనుక అది లోపలి అలంకారాలకు పనికివస్తుంది. ఖదాద్ సున్నంతో చేసేది, నీటిని ఆపేది. మన తెలుగు 'గచ్చు' అర్థంలో ఖదాద్ కే దగ్గర.

ఇక తయారు చేసే విధానం. సున్నపురాయిని బట్టీలో 900 డిగ్రీల ప్రాంతపు వేడిలో కాల్చి, నీరు పోసి చల్లార్చిన సున్నం మొదటి దినుసు. రెండవది ఆ కొండలలోనే దొరికే అగ్నిపర్వతపు నురగరాయి. నల్లగా గాని ఎర్రగా గాని ఉండి, తేలికగా, బొరియలు బొరియలుగా ఉంటుంది. దానిని దంచి జల్లిస్తారు. ఈ రెండింటినీ నీటితో కలిపి దినాల తరబడి కొట్టి కొట్టి ముద్ద చేస్తారు. ఆ ముద్దను కప్పుపై దట్టంగా పరిచాక అసలు పని ప్రారంభమవుతుంది. పనివారు వరుసగా గొంతుకూర్చుండి, పదునైన అంచుగల చేతిరాళ్ళతో ఆ పొరను అంగుళం అంగుళం కొడతారు. ఆరుతున్నకొద్దీ సన్నని పగుళ్ళు తేలుతాయి. వాటిపై సున్నపునీరు చిలకరించి మళ్ళీ కొడతారు. ఇట్లా పగుళ్ళు తేలడం ఆగేవరకు రోజులు, వారాలు గడుస్తాయి. తరువాత మెత్తని నురగరాతి పొడితో చేసిన సన్నని రెండవ పూత వేస్తారు. దానిని నున్నని గులకరాళ్ళతో రుద్ది మెరుగు పెడతారు. సున్నపు తేటను కుంచెతో పూసి మళ్ళీ రుద్దుతారు. ఆఖరున పశువుల కొవ్వును, ఎముకల మూలుగను పూతగా పట్టిస్తారు. ఒక గుమ్మటానికి ఈ పని అంతా నెలల వ్యవహారం. పూర్తయిన ఖదాద్ పాలరాయిలాగా తెల్లగా, చేయి పెడితే జారేటంత నున్నగా ఉంటుంది.

ఇందులో ప్రతి మెట్టుకూ ఒక కారణం ఉన్నదని నేటి రసాయనశాస్త్రం చెబుతుంది. మామూలు సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లగా గట్టిపడి తిరిగి సున్నపురాయి అవుతుంది. నిరంతరం తడిలో ఉండే చోట అది సరిగా గట్టిపడదు. గాని అగ్నిపర్వతపు బూడిదలో ఉండే సిలికా, అల్యూమినాలు సున్నంతో కలిసినప్పుడు నీటిలో సైతం గట్టిపడే కొత్త పదార్థం పుడుతుంది. ఇటలీలో పొజ్జువోలి అనే ఊరి దగ్గర దొరికిన బూడిదతో రోమనులు సముద్రంలో రేవులు కట్టగలిగింది ఈ ధర్మం వల్లనే. ఇప్పటి సిమెంటు గట్టిపడడంలోనూ జరిగేది దాదాపు ఇదే చర్య. రాళ్ళతో కొట్టడం వల్ల పూత చిక్కనై, నీరు ప్రాకే సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. సున్నపునీరు చిలకరించినప్పుడు అందులో కరిగి ఉన్న సున్నం పగుళ్ళలో పేరుకొని వాటిని పూడుస్తుంది. చివరి కొవ్వు సున్నంతో కలిసి ఒక రకమైన సబ్బుగా మారుతుంది. ఇది మనం ఒళ్ళు రుద్దుకునే సబ్బు వంటిది కాదు, నీటిలో కరగనిది. తామరాకుపై నీటిబొట్టులా వాన జారిపోవడానికి కారణం ఇదే. అయినప్పటికీ పూత ఊపిరి ఆడకుండా బిగుసుకుపోదు. గోడలోకి ఏ విధంగానైనా చేరిన చెమ్మ ఆవిరిగా మారి బయటకు పోగలుగుతుంది. ఈ ఆఖరి గుణం అన్నిటికన్న ముఖ్యమైనది. దీని ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

కొవ్వుతో నీటిని ఆపడం అరబ్బులకు కొత్త సంగతి కాదని హదీసు చదివినవారికి తెలుసు. మక్కా విజయ సంవత్సరంలో జరిగిన ఒక సంభాషణను హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఉల్లేఖించారు. అది బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఉన్నది. మృతపశువు విక్రయాన్ని దైవప్రవక్త (స) నిషేధించినప్పుడు, దాని కొవ్వును ఓడలకు పూతగా, తోళ్ళకు నూనెగా, దీపాలకు చమురుగా వాడతారు గదా, దాని మాటేమిటని సహచరులు అడిగారు. అదీ నిషిద్ధమేనని ఆయన బదులిచ్చారు. నిషేధం అమ్మకానికేనా, వాడకానికి కూడానా అన్నదానిపై ఫఖీహులలో భేదాభిప్రాయం కలిగింది. ఓడల పూతకు వాడవచ్చునని షాఫిఈ పండితులు అభిప్రాయపడ్డారు. ఆ చర్చ ఇక్కడ మన విషయం కాదు. చరిత్రకారుడు గమనించవలసినది వేరే ఉంది. ఒక ధర్మప్రశ్న మధ్యలో, దానిని అడిగినవారు అనుకోకుండానే, ఏడవ శతాబ్దపు అరబ్బులు తమ ఓడలను నీటినుండి ఎట్లా కాపాడుకునేవారో భద్రపరచి వెళ్ళారు. ఇటువంటి పనుల చరిత్రకు మన ధార్మిక గ్రంథాలలో ఎంత సమాచారం చెదిరి ఉన్నదో ఇంకా ఎవరూ పోగు చేయలేదు.

ఖదాద్ ఎంత పాతది? సున్నాన్నీ అగ్నిపర్వతపు రాతినీ కలిపి నీటిని ఆపే విద్య యెమెన్ లో ఇస్లాముకు చాలా పూర్వమే ఉన్నది. దివ్య ఖుర్ఆన్ సూరె సబాలో ఏ జాతి తోటలను వరద తుడిచిపెట్టిన ఉదంతం వస్తుందో, ఆ జాతి కట్టిన మారిబ్ ఆనకట్ట తూములలో ఇటువంటి గచ్చు నేటికీ కనిపిస్తుంది. ఆ ఆనకట్టను క్రీ.శ. 548 ప్రాంతంలో అబ్రహా మరమ్మతు చేయించినట్లు అతడే చెక్కించిన శాసనం ఉన్నది. ఏనుగులవారి కథతో మనకు పరిచితుడైన అబ్రహాయే అతడు. ఆరవ శతాబ్దం చివరి భాగంలో అది శాశ్వతంగా తెగిపోయింది. ఆదెన్ లో కొండచరియల నడుమ ఒకదాని క్రింద ఒకటిగా ఉన్న తవీలా తొట్లను కూడా అగ్నిపర్వతపు బూడిద కలిసిన సున్నంతోనే పూశారు. కొండలలో ప్రతి ఊరికీ మెట్లు దిగి నీరు ముంచుకొనే తొట్టి ఒకటి ఉంటుంది. వానకారులో నిండిన ఆ నీరు ఎండకారంతా నిలవాలంటే గచ్చు చెదరకూడదు. మసీదు గుమ్మటానికి ఎక్కకముందు ఖదాద్ నేర్చుకున్న పాఠశాల ఈ నీటితొట్టి అని చెప్పవచ్చు. నీటిని లోపల నిలపగలిగినది నీటిని బయట కూడా ఆపగలదు గదా.

ఇంత ప్రాచీనమైన విద్య గ్రంథాలకు ఎంతవరకు ఎక్కింది? ఇబ్నె ఖల్దూన్ తన ముఖద్దిమాలో (1377) వృత్తులకు కేటాయించిన అధ్యాయంలో గృహనిర్మాణానికి ఒక ప్రకరణం ఇచ్చాడు. సున్నాన్ని వారం రెండు వారాలు నీటిలో నాననిచ్చి దాని వేడి తగ్గాక వాడాలని కూడా వివరిస్తాడు. ఒక న్యాయమూర్తి, రాజకీయవేత్త అయిన వ్యక్తి ఈపాటి శ్రద్ధ చూపడం విశేషమే. అంగళ్ళపై, వృత్తులపై పర్యవేక్షణకు వ్రాసిన హిస్బా గ్రంథాలలో కూడా తాపీ పనివారి, వెల్ల వేసేవారి మోసాలను గురించిన హెచ్చరికలున్నాయి. అయినా ఏ పాళ్ళలో కలపాలి, ఎన్ని రోజులు కొట్టాలి, పగులు తేలినప్పుడు ఏ చప్పుడు వస్తుంది అన్న సంగతులు ఏ గ్రంథంలోనూ లేవు. అవి ఉస్తాదు చేతినుండి శిష్యుని చేతికి పోయేవి. మన విద్యాచరిత్రలో 'సనద్' అనే మాటను హదీసుకు, ఖిరాఅత్ కు మాత్రమే వాడతాం. నా దృష్టిలో గచ్చు పనికి కూడా ఒక సనద్ ఉన్నది. ఒక తరం తెగితే అది కూడా తెగిపోతుంది. తెగబోయిన ఘట్టం ఇరవయ్యవ శతాబ్దంలో రానే వచ్చింది.

దానికి ముందు రదాలోని ఆమిరియ్యా మదరసాను పరిచయం చేయాలి. తాహిరీ వంశపు చివరి గొప్ప సుల్తాను ఆమిర్ బిన్ అబ్దుల్ వహ్హాబ్ (1489-1517) దీనిని హిజ్రీ 910, అనగా క్రీ.శ. 1504లో కట్టించాడు. తాహిరీలు షాఫిఈ సున్నీలు. ఆమిర్ కట్టడాలంటే మిక్కిలి మక్కువ గలవాడు. అతని కాలపు చరిత్రను వ్రాసిన జబీద్ పండితుడు ఇబ్నుద్దైబా మన మదరసాలలో ముహద్దిసుగానే పరిచితుడు. ఆయన చరిత్రకారుడని ఎరిగినవారు తక్కువ. ఆమిరియ్యా మూడు అంతస్తుల తెల్లని భవనం. క్రింది అంతస్తులో స్నానశాల, గదులు. పైన బోధనాశాలలు, ఆరు గుమ్మటాల క్రింద నమాజు హాలు. ఆ హాలు గోడలూ గుమ్మటాల లోపలి భాగమూ రంగురంగుల చిత్రాలంకరణతో, చెక్కిన గచ్చుపనితో నిండి ఉన్నాయి. తీగలు, పూలు, రేఖాచిత్రాలు, అక్షరాలు తివాచీ పరిచినట్లు అల్లుకున్నాయి. సుల్తాను మాత్రం దానిని చూసి ఎక్కువ కాలం ఆనందించలేదు. పోర్చుగీసులను ఎదుర్కొనడానికి ఎర్ర సముద్రంలోకి వచ్చిన మమ్లూకు సేనలతో వైరం తెచ్చుకొని 1517లో సనా సమీపంలో హతుడయ్యాడు. విచిత్రమేమంటే, ఆ సేనలను పంపిన మమ్లూకు ప్రభుత్వమే అంతకు కొద్ది నెలల క్రితం కైరోలో ఉస్మానీల చేతిలో అంతరించింది. రాజ్యాలు పోయాయి. మదరసా నిలిచింది. ఖదాద్ పూతగల గుమ్మటాలు నాలుగు శతాబ్దాలకు పైగా వానను మోశాయి. ఆ తరువాత ఆలనాపాలనా లేక పూత చెదిరి, నీరు దిగి, పునాదులు కుంగి, లోపలి చిత్రాలు మసిక్రిందా వెల్లక్రిందా మరుగుపడి, ఇరవయ్యవ శతాబ్దం మూడవ పాదం ముగిసేనాటికి భవనం కూలే స్థితికి చేరింది.

అదే కాలంలో యెమెన్ కు సిమెంటు వచ్చింది. 1962 విప్లవంతో ఇమాముల పాలన అంతమయింది. అంతర్యుద్ధం ముగిశాక తలుపులు తెరుచుకున్నాయి. 1970లలో లక్షలాది యెమెనీలు సౌదీ అరేబియాకు పనికి వెళ్ళి డబ్బు పంపించారు. 1973లో బాజిల్ లో సిమెంటు కర్మాగారం వెలిసింది. నెలల తరబడి రాళ్ళతో కొట్టే గచ్చుకు కూలి ఇవ్వడానికి ఎవరు సిద్ధపడతారు? బస్తా విప్పి నీళ్ళు కలిపితే సాయంత్రానికి పని పూర్తవుతుంది. ఖదాద్ మేస్త్రీలు వేరే పనులకు మళ్ళారు. వారి కొడుకులు డ్రైవర్లయ్యారు. దీనిలో ఎవరినీ నిందించడానికి లేదు. సిమెంటును తూలనాడడం ఈ వ్యాసకర్త ఉద్దేశం కాదు. ఆస్పత్రులు, బళ్ళు, వంతెనలు త్వరగా కావలసిన పేద దేశానికి అది మేలే చేసింది. చిక్కు అంతా కొత్త పదార్థాన్ని పాత గోడపై అంటించినప్పుడు వచ్చింది.

సిమెంటు పూత రాయికన్న, సున్నంకన్న బిరుసు. రాతిగోడ ఎండకు, చలికి కదులుతుంది. సిమెంటు దానితో కదలలేక సన్నని బీట ఇస్తుంది. బీటలో వాన దిగుతుంది. దిగిన నీరు తిరిగి పోవడానికి దారి లేదు, ఎందుకంటే సిమెంటు ఆవిరిని సులభంగా పోనివ్వదు. నీరు లోపలనే నిలిచి సున్నపు సందులను నానబెడుతుంది, లవణాలను కరిగించి లోపలి ముఖానికి తెస్తుంది. అక్కడ నీరు ఆరి లవణం పొంగి రంగులను, గచ్చును పెళ్ళలుగా ఊడగొడుతుంది. బయట చూస్తే గోడ గట్టిగా ఉంటుంది, రోగం లోపల ముదురుతుంది. కాంక్రీటు కప్పులకు కూడా కొండప్రదేశాలలో ఈ ఇబ్బంది తప్పదు. నీరు ప్రాకితే లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది. నీరు గడ్డకడితే పైపొర పొరలు పొరలుగా లేస్తుంది. అందుకే నేటి ఇంజనీర్లు కొండప్రదేశాల కాంక్రీటుకు రక్షణ పూతలు సిఫారసు చేస్తారు. వాటిలో రెండు జాతులున్నాయి. ఒకటి రంగులాగా పైన పొర కట్టేది, రెండవది సిలేన్, సిలోక్సేన్ వంటివి, కాంక్రీటు రంధ్రాలలోకి ఇంకి, నీటిని లోపలికి రానివ్వక, ఆవిరిని మాత్రం బయటకు పోనిచ్చేది. పొర కట్టే పూత క్రింద చెమ్మ చిక్కుకుంటే మంచుకాలంలో అది పొక్కులెత్తి ఊడిపోతుంది. కనుక తడిసి గడ్డకట్టే చోట్లకు సాధారణంగా రెండవ జాతినే మేలంటారు. సున్నపు పూతలోకి కొవ్వును రుద్ది ఇంకించిన యెమెనీ మేస్త్రి కూడా ఇదే సూత్రాన్ని పట్టుకున్నాడు. కారణం వ్రాయలేకపోయినా ఫలితం తెలిసినవాడు.

ఆమిరియ్యా పునరుద్ధరణ 1982లో ఆరంభమయింది. దీనికి నడుము కట్టిన వ్యక్తి బాగ్దాదులో పుట్టిన ఇరాకీ పురావస్తు పరిశోధకురాలు సల్మా అర్రాజీ (1939-2010). ఆమెకు అండగా యెమెన్ పురావస్తు శాఖాధిపతి, స్వయంగా గొప్ప చరిత్రకారుడు అయిన ఖాజీ ఇస్మాయీల్ అల్ అక్వా నిలిచాడు. మదరసాలపై ఆయన వ్రాసిన గ్రంథం యెమెన్ విద్యాచరిత్రకు నేటికీ ఆధారమే. యెమెన్, నెదర్లాండ్స్ ప్రభుత్వాలు ధనసహాయం చేశాయి. సల్మా తీసుకున్న ముఖ్యమైన నిర్ణయం ఒకటున్నది: విదేశీ వాస్తుశిల్పుల చేతికి పని అప్పగించలేదు, స్థానిక మేస్త్రీలతోనే చేయించింది. రాతిపని, ఇటుకపని, చెక్కపని తెలిసినవారు ఇంకా ఉన్నారు. ఖదాద్ దగ్గరకు వచ్చేసరికి పని ఆగింది. చేయగలవారు దాదాపు కరువయ్యారు. పెద్దమేస్త్రి ఇజ్జీ ముహమ్మద్ వంటివారు వృద్ధుల జ్ఞాపకాలను తోడి, పాత పూతల ముక్కలను పరిశీలించి, పాళ్ళు మార్చి మార్చి పూసి, బీటలిస్తే చెక్కివేసి మళ్ళీ పూసి, క్రమంగా ఆ విద్యను చేతికి తెచ్చుకున్నారు. తరువాత వారి దగ్గర యువకులు నేర్చుకున్నారు. గుమ్మటాలు, దాబాలు, బాహ్య భాగాలన్నీ తిరిగి ఖదాద్ ధరించాయి. కప్పు కురవడం ఆగిన తరువాతనే, చివరి దశలో, ఇటలీ నిపుణులు లోపలి చిత్రాలపై ఉన్న వెల్లను, మసిని తొలగించారు. ఈ వరుసను మన ధర్మకర్తలు ప్రత్యేకంగా గమనించాలి. ముందు పైకప్పు, తరువాత అలంకారం. మన వద్ద తరచుగా ఇది తలక్రిందులుగా జరుగుతుంది.

మొత్తం పని 2005లో పూర్తయింది. ఇరవై ఏళ్ళకు పైబడిన శ్రమ. 2007లో దానికి ఆగాఖాన్ వాస్తుకళా పురస్కారం లభించింది. సల్మాతోపాటు యహ్యా అన్నాసిరీ అనే యెమెనీ సహచరునికి కూడా అందులో భాగమిచ్చారు. దీనికి ముందు 2004లో కాతెరీనా బొరెల్లి అనే చిత్రదర్శకురాలు ఖదాద్ పనిని మొదటినుండి చివరివరకు చలనచిత్రంగా తీసింది. గ్రంథం చేయలేనిది ఈ చిత్రం చేయగలదు. ఎందుకంటే చేయి ఎట్లా ఆడుతుందో కనిపిస్తుంది, రాయి చప్పుడు వినిపిస్తుంది. అయినా, సినిమా చూసి గచ్చు నేర్చినవారెవరూ ఉండరు గదా!

ఇంతకీ మనకు దీనితో సంబంధమేమిటని పాఠకులు అడగవచ్చు. బార్కస్ లోని హద్రమీ కుటుంబాల పుణ్యమా అని యెమెన్ మనకు బంధువుల దేశమే. గాని సంబంధం అంతటితో ఆగదు. దక్కనులో కుతుబ్ షాహీలు కట్టిన సమాధులు, మసీదులు, 1591 నాటి చార్మినారు అన్నీ సున్నపు గచ్చుతోనే వానను ఎదుర్కొన్నాయి. గానుగలో సున్నాన్నీ ఇసుకనూ రుబ్బి, బెల్లపు నీరు, కరక్కాయ నీరు వంటివి చేర్చి చేసిన ఆ ముద్దను తెలంగాణలో డంగు సున్నం అంటారు. బూడిదకు బదులు ఇటుకపొడి, కొవ్వుకు బదులు చెట్టు సరుకు. సూత్రం మాత్రం ఒకటే. ఇరవయ్యవ శతాబ్దంలో ఈ సమాధులలో కొన్నింటిపై సిమెంటు పూశారు. 2013 నుండి సాగిన కుతుబ్ షాహీ సమాధుల పునరుద్ధరణలో ఆ సిమెంటు పొరలను చెక్కి, తిరిగి సున్నపు గచ్చు చేయవలసి వచ్చింది. రదాలో జరిగినదీ గోల్కొండలో జరిగినదీ ఒకటే కథ. సౌదీ డబ్బు యెమెన్ కొండలకు సిమెంటు తెచ్చినట్లే గల్ఫు డబ్బు మన పల్లె మసీదులకు తెచ్చింది. మా జిల్లాలో ఒక పాత చిన్న మసీదుకు భక్తిశ్రద్ధలతో చందాలు వేసుకొని గోడల గచ్చంతా చెక్కి సిమెంటు పూసి, పైన ఆయిల్ పెయింటు వేశారు. మూడవ వానకారుకు మిహ్రాబు చుట్టూ మనిషి ఎత్తున చెమ్మ ఎక్కింది. మళ్ళీ పెయింటు వేశారు. చెమ్మ ఇంకా పైకి ఎక్కింది. ఆ ధనంలో సగం పెట్టి ఒక సున్నం మేస్త్రిని వెదికి ఉంటే సరిపోయేది. అటువంటి మేస్త్రీలు తెలంగాణలో ఇంకా ఉన్నారు. పునరుద్ధరణ పనులలో తర్ఫీదు పొందినవారు ఉన్నారు. వారిని పిలిచేవారే తక్కువ.

రదాకు తిరిగి వస్తే, ఆ పట్టణానికి ఆ తరువాత ప్రశాంతత దక్కలేదు. 2012 జనవరిలో సాయుధులు పట్టణాన్ని ఆక్రమించి కొద్ది రోజులు ఆమిరియ్యాను కూడా తమ వశం చేసుకున్నారు. గోత్రపెద్దల మధ్యవర్తిత్వంతో ఆ నెలలోనే వెళ్ళిపోయారు. 2014 తరువాత దేశమంతా యుద్ధంలో కూరుకుపోయింది. సనా పాతనగరం 1986 నుండి ప్రపంచ వారసత్వ స్థలం. 2015లో దానిని ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో చేర్చారు. బాంబులకు మిగిలిన ఇళ్ళలో చాలా వాటికి యుద్ధసంవత్సరాలలో కప్పు మరమ్మతు జరగలేదు. 2020 ఆగస్టులో ఎడతెగని వానలు కురిసినప్పుడు వాటిలో అనేకం నానిపోయి కూలాయి. ప్రతి ఏడూ చేయవలసిన మామూలు మరమ్మతు నాలుగైదు ఏళ్ళు తప్పినందుకు కూలిన ఇళ్ళు అవి.

ఖదాద్ కు కూడా ఈ నియమం వర్తిస్తుంది. అది ఒకసారి వేసి మరచిపోయేది కాదు. వానకారుకు ముందు కప్పు ఎక్కి, పగుళ్ళు వెదికి, సున్నపు తేటతో పూడ్చి, అరిగిన చోట మళ్ళీ కొవ్వు పట్టించాలి. పూర్వం ఈ ఖర్చును మదరసాకు వ్రాసిన వఖ్ఫ్ భూముల ఆదాయం నుండి భరించేవారు. వఖ్ఫ్ ఆదాయంపై మొదటి హక్కు వఖ్ఫ్ కట్టడపు మరమ్మతుదేనని, ముదర్రిసు జీతం కూడా దాని తరువాతనేనని ఫఖీహులు వ్రాశారు. జీతం ఆగిన ముదర్రిసు బిగ్గరగా ఫిర్యాదు చేయగలడు. కప్పు తన ఫిర్యాదును వానకారు వచ్చేదాకా చెప్పలేదు.